దిగి నడవమన్న సోములమ్మ

పొద్దున లేచి మొహం కడుక్కుని, పొయ్యి రాజెయ్యకముందే సోములమ్మ దారంతా ఒకసారి నడిచి వస్తుంది. పాత ఠాణా మెట్ల దగ్గర మొదలుపెట్టి, ముఠాదారు లోగిలి ముందునుంచి, రాతి చర్చి పక్కన వాలు దిగి, కుసుంపుట్టు సందులోపడి, చివర శంకుదేవుడి రాయి దాకా వెళుతుంది. కాళ్ళకి చెప్పులుండవు. మనుషుల్ని తీసుకొచ్చే దారిలో ముందు తన పాదం పడాలన్నది ఆమె పట్టింపు. ఎవరో తాగి పగలగొట్టిన సీసా పెంకులు కనబడితే ఏరి కొంగులో వేసుకుంటుంది. ఆ రాయికి పూజ చేసే సోంబరు తాత గుమ్మంలో బిందె ఖాళీగా ఉంటే నింపి పెట్టి, ఆయన లేవకముందే కదిలిపోతుంది. రాయికి పదడుగుల ఇవతల నిలబడి కళ్ళు మూసుకుంటుంది.

"ఇయ్యాళ వొచ్చేవోళ్ళు ఎవరో నాకు తెల్దు సామీ, నీకు తెల్సు. మంచోళ్ళని పంపు. మంచోళ్ళు కాపోతే నా దగ్గరికొచ్చినాక మంచోళ్ళని సెయ్యి," అని దణ్ణం పెట్టుకుని ఇంటికి తిరుగుతుంది.

పదిహేడేళ్ళుగా ఇదే వరస. వానాకాలంలో గొడుగు ఉంటుంది, చలికాలంలో దుప్పటి ఉంటుంది, అంతే తేడా.

కుసుంపుట్టు డుంబ్రిగుడ సంతకి పోయే పాత కాలిదారి మీద ఉంది. జీపు రోడ్డు పడకముందు పైకొండల జనమంతా పసుపు, చింతపండు, పిప్పళ్ళు కావిళ్ళలో పెట్టుకుని ఈ సందులోంచే నడిచేవారు. తెల్లదొరల కాలంలో ఒక ఠాణా, ఒక బంగ్లా, కొండల శిస్తు వసూలు చేసే ముఠాదారుకి ఒక పెద్ద లోగిలి ఇక్కడే కట్టారు. సోములమ్మ తండ్రి ఆ బంగ్లాకి కాపలా. తండ్రి పోయాక ఆమె అక్కడే వంటచేసి, గదులు ఊడ్చి, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి పెళ్ళిళ్ళు చేసింది. ఆశ్రమ పాఠశాలలో అయిదో తరగతి దాకా చదివింది. చదివింది తక్కువే గాని, విన్నది ఏదీ మరిచిపోదు.

ఒక ముసురు రోజున విశాఖపట్నం నుంచి వచ్చిన రిటైరైన టీచరమ్మ ఒకామె బంగ్లాలో చిక్కుకుపోయింది. జలపాతానికి జీపులు పోవడం లేదు. ఊరికే కూచోలేక కిటికీలోంచి చూసి, "ఆ రాతి ఇల్లు ఎవరిదమ్మా?" అని అడిగింది.

"అది ఠాణా అమ్మా. రండి, సూపిత్తాను," అని సోములమ్మ గొడుగు తీసింది. అరగంటలో వద్దామనుకున్నవాళ్ళు మూడు గంటలు నడిచారు. టీచరమ్మ వెళ్ళిపోతూ బంగ్లా పుస్తకంలో, ఇక్కడ చూడవలసింది సోములమ్మతో నడక, అని రాసింది. ఆ పేజీ చూసినవాళ్ళు అడగడం, అడిగినవాళ్ళని ఈమె తిప్పడం, అలా మొదలైంది.

ఠాణా దగ్గర ఆమె చెప్పే మాట వేరే ఎవరూ చెప్పరు. "ఈ రాళ్ళన్నీ ఏటిలోంచి మా ఊరి మగాళ్ళే మోసినారు. గోడలు లేచినాక ఇందులో మొట్టమొదట మూసింది ఎవర్ననుకున్నారు? ఆ మోసినోళ్ళనే. కూలి అడిగినారని." విన్నవాళ్ళు గోడమీద చెయ్యి వేస్తారు. వెయ్యమని ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

సందులోకి వచ్చాక ఆమె గొంతు మెత్తబడుతుంది. సందుకి అటు ఆరిళ్ళు, ఇటు అయిదిళ్ళు. ఇంటింటికీ ముందు ఎర్రమట్టి అలికి తెల్లంచు దిద్దిన అరుగు. అన్ని అరుగులూ ఒకటే ఎత్తు.

"ఎందుకో సెప్పండి సూద్దాం," అంటుంది. అప్పుడు గోడకి ఆనించిన కావిడి ఒకటి తీసి, వచ్చినవాళ్ళలో బలంగా ఉన్నవాడి భుజాన పెడుతుంది. అరుగు పక్కకి వచ్చి నిలబడితే చాలు, వంగనక్కర్లేకుండా తట్టలు రెండూ అరుగుమీద కూచుంటాయి. "సంతకి పోయేవోడికి మా తాతలు కట్టిన ఎత్తిది. తట్టలు దించమని ఎవర్నీ అడగక్కర్లేదు. ఎవలిల్లు అని సూడక్కర్లేదు. దించుకుని, కూకుని, నీళ్ళడిగి తాగి పోడమే."

అప్పుడు ఎవరో ఒకరి గుమ్మంలోంచి నీళ్ళ చెంబు వస్తుంది. అది ఆమె చెప్పి చేయించేది కాదు. ఆ సందు అలవాటే అంత.

మొన్న వేసవి మొదట్లో లక్ష్మీప్రసాద్ వచ్చాడు. విజయనగరం వైపు మనిషి. బంగ్లా పక్క స్థలంలో రిసార్టు కట్టిన కంపెనీకి మేనేజరు. చెడ్డవాడని ఎవరూ అనలేరు. వచ్చిన రెండో వారంలోనే సోంబరు తాతకి జ్వరం ముదిరితే తన కారులో ఎక్కించుకుని అరకు ఆస్పత్రికి తీసుకెళ్ళి, సెలైను అయ్యేదాకా పక్కనే కూచున్నాడు. అందుకే అతను సోములమ్మ ఇంటికి వస్తే ఆమె చాప వేసి, కాఫీ పెట్టి ఇచ్చింది.

"సోములమ్మగారూ, ఇన్నేళ్ళు ఎండనక వాననక తిరిగారు. ఇక మీరు నడవక్కర్లేదు," అన్నాడతను. "బ్యాటరీ బండి వచ్చింది. ఎనిమిది సీట్లు. ముందు సీటు మీదే. యూనిఫాం ఇస్తాం, నెల జీతం ఇస్తాం. మైకులో మాటలు ముందే రికార్డు చేసి ఉంటాయి. మీరు నవ్వుతూ కూచుంటే చాలు."

"మాటలు మైకు సెప్తే నానెందుకు బాబూ?"

"మీరుంటే ఒరిజినల్‌గా ఉంటుందమ్మా."

సోములమ్మ నవ్వింది. ఆ నవ్వు అతనికి నచ్చలేదు. అయినా కాఫీ పొగిడాడు.

"బండి సందులోకి ఎలా దూరతాది?" అని ఆమె అసలు మాట అడిగింది.

"ఈ చిన్న బండి దూరుతుందమ్మా, కొంచెం రాసుకుంటూ. ముందు ముందు పద్నాలుగు సీట్లవి వస్తాయి. అప్పటికి సందు కాస్త వెడల్పు చేస్తారు. రెండు పక్కలా జానెడు చొప్పున. అంతే."

"జానెడు అంటే?"

అతను గ్లాసు కింద పెట్టి, ఇంత, అని చేత్తో చూపించాడు. సోములమ్మ ఆ చేతివంకే చూసింది. అరుగు మొత్తం వెడల్పు జానెడున్నర.

"అరుగులు కొట్టేస్తారా?"

"సిమెంటు ముఖద్వారాలు కట్టిస్తాం. పంపులు వేయిస్తాం. నడవలేనివాళ్ళుంటారు కదమ్మా, వాళ్ళకీ చూడాలని ఉండదా?"

"నడవలేనోళ్ళని పదిహేడేళ్ళు నడిపించినాను బాబూ. ఠాణా కాడినుంచి రాయి కాడికి నాలుగు సోట్ల కూకోబెడతాను. మోకాళ్ళు పట్టుకునే వోళ్ళకి నూనె రాసిన రోజులున్నాయి. వోళ్ళని కూకోబెట్టే అరుగులే నువ్వు కొడతానంటన్నావు."

లక్ష్మీప్రసాద్ కాఫీ తాగేసి లేచాడు. మర్నాడు ఇద్దరు కూలీలొచ్చి పదకొండు అరుగుల మీదా ఎర్ర రంగుతో గీత గీసి పోయారు.

గ్రామసభ పెట్టారు. పాడేరు నుంచి సర్వేశ్వరరావు అనే అధికారి వచ్చి అందరి మాటా ఓపిగ్గా విన్నాడు. సగం మంది ఒద్దన్నారు. సగం మంది పంపుల కోసం, సిమెంటు కోసం తల ఊపారు. పక్కింటి కృపావతి కూడా ఊపింది. వానొస్తే ఆమె ముందు గోడ కరిగి పోతోంది, పాపం ఏం చేస్తుంది. అధికారి అటూ ఇటూ చూసి, పదిరోజులు బండి నడిపి చూద్దామన్నాడు. పదోరోజున తానే వచ్చి బండెక్కి సందు చివరిదాకా వెళ్ళి చూస్తానని, బండి సాఫీగా నడిస్తే, వచ్చినవాళ్ళకి బండే నచ్చితే, గీతల ప్రకారం పని మొదలవుతుందని, లేకపోతే కాగితం మూసేస్తానని చెప్పాడు.

ఆ సాయంత్రం కృపావతి నీళ్ళ బిందె సోములమ్మ అరుగుమీద పెట్టి, ఎటో చూస్తూ నిలబడింది.

"నామీద కోపమా అప్పా?"

"నీ గోడమీద కోపమే. పద, ఆదివారం నీ గుడి అయినాక ఇద్దరం మట్టి తొక్కుదాం. ఆ గోడ సంగతి మనమే సూసుకుందాం."

మొదటి రెండు రోజులూ బండే గెలిచింది. అది నిజం, దాచుకోవలసిన పని లేదు. ఎండ మండిపోతోంది, పిల్లలకి బండి సరదా, పెద్దలకి సుఖం. ఠాణా మెట్ల మీద సోములమ్మ పొద్దుటినుంచి కూచుంటే ఒక్క మనిషి రాలేదు. బండి మాత్రం గంటగంటకీ ఆమె ముందునుంచే మెల్లగా పోయింది. తోలేది వరహాలరావు, ఎస్.కోట వైపువాడు, నలభై ఏళ్ళుంటాయి. బండిలో పెట్టెలోంచి ఒక ఆడగొంతు వినబడుతుంది, "ఇప్పుడు మీరు అమాయక గిరిజనుల ఆదిమ వీధిని చూస్తున్నారు," అని. సందులో బండి ఒక పక్కకి రాసుకుంటూ పోతే అరుగు అంచులు పొడిపొడిగా రాలేవి. ఎవరూ దిగరు. సీటులోంచే ఫోటోలు తీసుకుంటారు. అరుగుమీదకి చెంబుతో నీళ్ళు తెచ్చిన ముసలమ్మ చెంబు పట్టుకునే ఉండిపోయింది.

"అమాయకులంట. విన్నావా కృపా?" అంది సోములమ్మ.

"విన్నాను అప్పా. ఆ పిల్ల నిన్ను సూడనేదు పాపం," అంది కృపావతి.

రెండో రోజు సాయంత్రం హేమలత వచ్చింది. సోములమ్మ చెల్లెలి కూతురు. పాడేరులో డిగ్రీ చదివి వచ్చింది, కోపమెక్కువ. "పెద్దమ్మా, ఇలా కూకుంటే అయిపోద్దా? బండికి అడ్డంగా పడుకుందాం."

"పడుకుంటే ఏటవుద్ది? పోలీసులొచ్చి లేపుతారు. లేపినాక బండి పోద్ది."

"మరేటి సేత్తాం?"

ఆ వేళకే సందు చివర్నుంచి డప్పు మోగింది. సోంబరు తాత మర్నాటినుంచి ఇటుకల పండగని చాటింపు వేయిస్తున్నాడు. ఇంటింటినుంచీ గుప్పెడు విత్తనాలు శంకుదేవుడి దగ్గరికి తేవాలి, ఏడు రోజులు మగవాళ్ళు అడివికి వెళ్ళాలి. వేట ఇప్పుడు పేరుకే, చెట్టు కింద కూచుని కబుర్లు చెప్పుకుని వస్తారు. ఇక ఆడవాళ్ళ వంతు వేరే. ఆ ఏడు రోజులూ ఊరి దారికి అడ్డంగా వెదురు కర్ర పట్టుకుంటారు. దారినపోయే వాళ్ళెవరైనా పజోరు అనే దారి కానుక ఇవ్వందే కర్ర లేవదు. తహసీల్దారు జీపైనా ఆగాల్సిందే. ఎన్ని తరాలనుంచో అదే. పండగలో ఆడది అడిగింది కాదనకూడదు.

డప్పు వింటూ సోములమ్మ మెల్లగా లేచి నిలబడింది. "ఓలమ్మా," అంది తనలో తాను. "పజోరంటే డబ్బులే అని ఎవరన్నారు?"

మూడో రోజు పొద్దున సందు మొదట్లో పచ్చి వెదురు కర్ర అడ్డం పడింది. ఒక కొన సోములమ్మ, ఒక కొన హేమలత. మధ్యలో తొమ్మిదిమంది ఆడవాళ్ళు, తలల్లో పువ్వులు, ముక్కులకి పండగ బేసర్లు. బండి వచ్చి ఆగింది. లక్ష్మీప్రసాద్‌కి ఈ ఆచారం తెలుసు, తెలిసే జాగ్రత్త పడ్డాడు. వరహాలరావు చొక్కా జేబులోంచి ముందే మడిచి ఉంచిన నోట్లు తీశాడు.

"ఇదిగోనమ్మా పజోరు. గొడవొద్దని సారు ముందే ఇచ్చి పంపినారు."

"ఈ ఏడు డబ్బులు ఒల్లం," అంది సోములమ్మ.

"మరేటి కావాల?"

"నడక. దిగి నడవండి. సందు ఈ కొన నుంచి ఆ కొన దాకా. అదే మా పజోరు."

బండిలో నవ్వులు లేచాయి. వరహాలరావు తల గోక్కున్నాడు. వెనక సీటులో విజయనగరం నుంచి వచ్చిన పెద్దావిడ ఒకామె చీర సర్దుకుంటూ, "నాకు మోకాళ్ళ నొప్పులమ్మా," అంది.

"నాకూ ఉన్నాయమ్మా. రండి, నా మోకాళ్ళూ మీ మోకాళ్ళూ కబుర్లు సెప్పుకుంటా ఎల్తాయి," అని సోములమ్మ చెయ్యి అందించింది.

పెద్దావిడ దిగింది. ఆమె దిగాక మిగతావాళ్ళు కూచోలేకపోయారు. కర్ర లేచింది. మొదటి అరుగు దగ్గర పెద్దావిడ కూలబడితే లోపలినుంచి నీళ్ళ చెంబు వచ్చింది. రెండో అరుగు దగ్గర ఆవిడ మనవడు కావిడి ఎత్తుకుని తట్టలు దించుకోవడం నేర్చుకున్నాడు. కృపావతి, ఆమెది వేరే దేవుడు, పండగ కర్ర ముట్టుకోదు, కాని ఆ రోజు తన అరుగు కడిగి, కాఫీ గ్లాసులు వరసగా పెట్టి కూచుంది.

"నువ్వు సిమెంటోళ్ళ పార్టీ కదా?" అని హేమలత ఆటపట్టించింది.

"కాపీకి పార్టీ ఏటే గుంటా. తాగేవోళ్ళని తాగనీ."

అలా రోజుకి అయిదుసార్లు బండి వచ్చింది, అయిదుసార్లూ ఖాళీగా సందు బయట ఎండలో నిలబడింది. రికార్డు పెట్టె ఎవరూ లేని సీట్లకి అమాయకుల సంగతి చెప్పుకుంటూ ఉండేది. రెండు రోజులు చూసి వరహాలరావే దాన్ని కట్టేశాడు. చూడడానికి వచ్చినవాళ్ళు ఊరు వదిలే ముందు రిసార్టు పుస్తకంలో రాసిపోయారు, బండి బాగుంది, దిగి నడిచింది ఇంకా బాగుంది అని. ఆ మాట కంపెనీ వంటమనిషి వచ్చి చెప్పాడు.

లక్ష్మీప్రసాద్ అయిదో రోజు పోలీసుని పిలిపించాడు. వచ్చిన కానిస్టేబులు పెదబయలు వైపు కొండమనిషి. కర్ర చూసి, ఆడవాళ్ళని చూసి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఏం రాయమంటారు సారు కేసు?" అని మేనేజర్ని అడిగాడు. "మా ఇంటిది అక్కడ ఇలాంటి కర్రే పట్టుకుని కూకుంది. దీనిమీద కేసు రాస్తే నాకు ఇంట్లో కూడు పుట్టదు."

"వీళ్ళు డబ్బులు తీసుకోవడం లేదయ్యా. నడవమంటున్నారు."

"డబ్బులడిగితే వసూలని రాయొచ్చండి. నడవమంటే ఏ సెక్షనండీ?" అని, బూట్లు సందు బయట విడిచి తానూ చివరిదాకా నడిచి, కృపావతి దగ్గర కాఫీ తాగి పోయాడు.

తొమ్మిదో రోజు పొద్దు వాలింది. పండగ ముగిసింది. సోంబరు తాత కర్ర అందుకుని శంకుదేవుడి రాయి పక్కన పడుకోబెట్టి, కలిపిన విత్తనాలు ఇంటింటికీ పంచిపెట్టాడు. అప్పుడే రిసార్టు వైపునుంచి కబురొచ్చింది. మర్నాడు పది గంటలకి సర్వేశ్వరరావుగారు వస్తున్నారు, బండెక్కి సందు చివరిదాకా వెళ్ళి చూస్తారు. లక్ష్మీప్రసాద్ స్వయంగా సందులోకి వచ్చి, ఎవరినీ తక్కువ చెయ్యకుండానే అన్నాడు, "పండగ బాగా జరిగిందమ్మా. సంతోషం. రేపు పండగ లేదు కదా." అని, గీతలవైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

అతను మలుపు తిరగ్గానే హేమలత కర్ర దగ్గరికి నడిచింది. "ఇంకొక్క రోజు పట్టుకుందాం పెద్దమ్మా. ఆ సారుకేటి తెల్సు పండగ ఎన్ని రోజులో? ఎనిమిదంటే ఎనిమిదనుకుంటాడు."

"కర్ర ముట్టకు."

"అరుగులు పోయినాక ఏడుద్దువా?"

"ఏడుద్దును. అరుగు పోతే ఏడుద్దును, మల్లా కడుదును. అది దేవుడి కర్ర. దేవుడు ఏడు రోజులకి ఇచ్చినాడు, ఎనిమిదో రోజు నాను పట్టుకుంటే అది వట్టి వెదురు. అబద్ధం ఆడి అరుగు నిలబెట్టుకుంటే రేపు దానిమీద ఎవర్ని కూకోబెట్టి ఏటి కత సెప్పమంటావు?"

"మరి ఊరుకుంటావా?"

"ఊరుకుంటానని ఎవరన్నారే," అంది సోములమ్మ. "ఇన్నాళ్ళూ మనం ఆపినాం. ఆపే సెయ్యి ఇంకోటుంది, అదిగో ఆ బండిలో."

హేమలతకి ఆ మాట నచ్చలేదు. "వోడు కూలోడు పెద్దమ్మా. వోడేటి సేత్తాడు?"

"ఠాణా రాళ్ళు మోసినోళ్ళూ కూలోళ్ళే," అని సోములమ్మ ఇంట్లోకి వెళ్ళి అడ్డాకులో పండగ అన్నం, మామిడికాయ ముక్క, ఇంత పప్పు పెట్టి మడిచింది. దాన్ని చేత్తో పట్టుకుని బంగ్లా వెనక్కి నడిచింది. దారిలో ఎవరైనా చూస్తారేమోనని కొంగు కప్పుకోలేదు. అడగబోయేది దొంగతనంగా అడిగేది కాదని ఆమెకి తెలుసు.

వరహాలరావు బండికి ఛార్జింగు పెట్టి, తిరగేసిన బకెట్టు మీద కూచుని ఉన్నాడు. ఆమెని చూసి లేచాడు.

"రామ్మా. సారు లోపలున్నారు."

"నీకోసమే వొచ్చినాను బాబూ. ఇది పండగ కూడు. ఇది పెట్టి అడగడానికి కాదు, పండగ కూడు దారిన ఉన్నోళ్ళందరికీ పెట్టాల. కూకో, ముందు తిను."

అతను మొహమాటపడి, చేతులు కడుక్కుని వచ్చి తిన్నాడు. తింటున్నంతసేపూ ఆమె ఎదురుగా నేలమీద కూచుని అతని ఊరు అడిగింది, పిల్లల్ని అడిగింది. ఇద్దరు ఆడపిల్లలని, పెద్దది పదో తరగతి రాసిందని చెప్పాడు. తల్లి ఇప్పటికీ ఎస్.కోట సంతలో కూరగాయల తట్ట నెత్తిన పెట్టుకు తిరుగుతుందని చెప్పాడు.

"మొన్న రెండో రోజు కృపావతి అరుగు మూల విరిగిపోనాది, నీ బండి సక్రం తగిలి," అంది సోములమ్మ.

అతను తినడం ఆపాడు. "తెలుసమ్మా."

"మర్నాడు పొద్దున నాను పెంకులేరడానికి వొచ్చేసరికి ఆ మూల మెత్తి ఉంది. మా ఆడోళ్ళ మెత్తు కాదది. మా వేళ్ళు అలా పోవు. మట్టిలో గడ్డి కూడా కలపలేదు, ఎండితే పగులు తీసుద్ది. ఎవరో మెత్తడం తెలీకపోయినా, మనసు ఒప్పక, సీకటి పడినాక వొచ్చి మెత్తి పోయినారు."

వరహాలరావు ఆకులోకే చూస్తూ ఉన్నాడు. "మా అమ్మ ఎక్కడైనా తట్ట దించుకోవాలంటే సోటుండదమ్మా ఇప్పుడు. రోడ్లన్నీ పెద్దవైపోనాయి," అన్నాడు. అని, కాసేపటికి, "నాదేముందమ్మా, ఎక్కమంటే ఎక్కిస్తాను, పొమ్మంటే పోతాను," అన్నాడు.

"తెల్సు బాబూ. రేపు నానడిగింది సేస్తే సారు నిన్ను పనిలోంచి తీసెయ్యొచ్చు. అదీ తెల్సు. అందుకే ఇది ఆర్డరు కాదు, పండగా కాదు. పండగ అయిపోనాది, మా సేతిలో కర్ర లేదు. నిన్ను కాదనడానికి వీల్లేకుండా అడగడానికి నా దగ్గర ఏటీ లేదు. నువ్వు కుదరదంటే నాను నీమీద కోపం పెట్టుకోను, ఎల్లుండి దారిలో కనబడితే నీళ్ళిస్తాను."

ఛార్జింగు పెట్టె గుర్రుమంటోంది. చర్చి పక్కనుంచి ఎవరో గొర్రెల్ని తోలుకుపోతున్నారు. వరహాలరావు ఆకు మడిచి పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"ఏటి సెయ్యమంటావమ్మా?"

సోములమ్మ లేచి నిలబడింది. ఆమె గొంతు ఠాణా గోడ దగ్గర ఎలా ఉంటుందో అలానే ఉంది.

"రేపు ఆ పెద్దసారు బండెక్కుతాడు. సందు మొదటికొచ్చినాక అక్కడ ఎవరూ అడ్డం ఉండరు. కర్ర ఉన్నట్టే బండి ఆపు బాబూ. ఆపి, ఆయనతో నువ్వే ఒక్క మాట అను, దిగి నడవండని."